పట్నపాయన చూపించిన పట్నం

మొన్న మా మనవరాలు నన్ను హైదరాబాద్ చూపించే బస్సెక్కించింది. అద్దాల బస్సు, లోపల చల్లగాలి, ముందు మైకు పట్టుకొని నిలబడ్డ కుర్రాడు. అతను ఎడమవైపు చూడమంటే అందరం ఎడమకు, కుడివైపు అంటే కుడికి మెడలు తిప్పాం. నాలుగు వందల ఏళ్ల కట్టడానికీ, నిన్నగాక మొన్న లేచిన అద్దాల మేడకూ ఒకటే గొంతు, ఒకటే పొగడ్త. ఒకచోట టీ కోసం బస్సు ఆపితే మనవరాలు ఎందుకు ఆగిందని విసుక్కుంది. నా నోటి నుంచి నాకు తెలియకుండానే మాట వచ్చేసింది. "ఆగనీ బిడ్డా, గుర్రం నీళ్లు తాగాలె గద!" పిల్ల కంగారుపడి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

జ్వరం లేదు, ఏమీ లేదు. ఆ మాట జనగామలో నేను కిరాయికున్న ఇంటి యజమానిది. పోయి చాలా ఏళ్లయింది మహానుభావుడు. ఆయన చూపించిన పట్నం ముందు ఈ మైకు కుర్రాడు ఏపాటి?

నేను మానుకోట నుంచి జనగామ బడికి టీచరుగా బదిలీ మీద వచ్చిన కొత్తలో వాళ్లింట్లో ఒక అర్ర కిరాయికి తీసుకున్నాను. మానుకోట అంటే మహబూబాబాదే, స్టేషన్ బోర్డు మీద తప్ప ఆ పేరు మేమెవరం అనేవాళ్లం కాదు. ఆయనకు ఊళ్లో కొంత పొలం, స్టేషన్ రోడ్డులో సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం ఉండేవి. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ జనగామలో దాన్ని పలికినవాళ్లను నేను చూడలేదు. అందరికీ ఆయన "పట్నపాయన". అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో పట్నం పోయి, అక్కడ జైల్లో ఉండి వచ్చాడు. ఆ ఒక్క కారణంతో పట్నం గల్లీలన్నీ ఆయనకు కొట్టినపిండి అని ఊరు తీర్మానించేసింది. కూతురు సువర్ణ పిలిచినట్టే నేనూ ఆయన్ను బాపు అనేదాన్ని.

పట్నానికి పోయేవాడెవడైనా ముందు ఆయన దుకాణం ముందు ఆగాల్సిందే. బాపు బోర్లించిన చెక్కడబ్బా మీద కూర్చొని, పంచర్ వేస్తున్న ట్యూబు పక్కనపడేసి, రెండు పిడికిళ్లూ పొట్ట ముందు దగ్గరగా పెట్టుకునేవాడు. కండ్లు సగం మూసి, నాలుకతో టక్ టక్ మనిపించి మొదలుపెట్టేవాడు.

"నాంపల్లి టేషన్ల దిగినవనుకో. ఉరుకొద్దు. కుడిచెయ్యి దిక్కు మెల్లగ మల్లు. సడక్ జర ఎగువ ఉంటది, ఊపిరి పట్టుకోవాలె. గక్కడ్నుంచి అఫ్జల్‌గంజ్ దాంక దిగుడే దిగుడు, పయ్య ఆగదు. మూసీ వంతెన దాటంగనే ఆగు. గుర్రం నీళ్లు తాగాలె."

"గుర్రమేంది పట్నపాయనా, నేను సిటీ బస్సుల పోత."

"బస్సైతేంది, గిస్సైతేంది? ఆగాల్సిన కాడ ఆగాలె!"

ఈ గుర్రం సంగతి జనగామలో ఎవరికీ అంతుపట్టలేదు. అలవాటైపోయింది, అంతే. పెళ్లిలో పప్పు రావడం ఆలస్యమైతే "గుర్రం నీళ్లు తాగుతున్నది" అనేవాళ్లు. మా హెడ్మాస్టరు కూడా ఇంటర్వెల్ బెల్లుకు ఆ మాటే వాడేవాడు.

ఇంకో అలవాటుండేది బాపుకు. నలుగురు కలిసి ఎక్కడికి బయల్దేరినా గుమ్మం దగ్గర ఆపి "జోడీ జోడీగ కూసోండ్రి" అని ఇద్దరిద్దరిని గొంతుక్కూర్చోబెట్టి తలలు లెక్కపెట్టేవాడు. దాన్ని గిన్తీ అనేవాడు. సినిమాకు పోయినా గిన్తే, చావుకు పోయినా గిన్తే. ఒకసారి పెద్దకర్మ భోజనాల దగ్గర వంటవాళ్లతో సహా అందరినీ లెక్కపెట్టి, ఒకరు తక్కువున్నారని గోలచేశాడు. తక్కువైంది చనిపోయినాయనే అని చెప్పి సముదాయించాల్సి వచ్చింది.

ఆయన మాటలు ఏడాది విన్నాక నాకొకటి తట్టింది. మ్యూజియం గురించి చెప్తే దాని ముందు ఏ పొద్దుకు ఏ గోడ నీడ పడుతుందో చెప్పేవాడు గానీ, లోపల ఏముందో చెప్పేవాడు కాదు. గోలకొండ అంటే ఎక్కడ సడక్ ఎగువ, ఎక్కడ గడ్డి దొరుకుతుందీ అన్నదే. పైగా "నేను చూసిన" అన్న ముక్క ఎన్నడూ ఆయన నోట రాలేదు. "గిట్లుంటది" అనేవాడు, అంతే. నాకెందుకులే అని ఊరుకున్నాను.

ఊరుకోలేని రోజు వచ్చింది. సువర్ణకు సంబంధం కుదిరింది. టేకుమట్ల దిక్కు ఒక పటేల్ గారి చిన్నకొడుకు, అక్కడే బళ్లో సారు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు ఆ అబ్బాయి సువర్ణను పాట పాడమనలేదు, నడవమనలేదు. "నీకు నేను నచ్చిన్నా?" అని అడిగాడు. పిల్ల ఆ మాటకే పడిపోయింది. "అక్కా, గీ సంబంధం తప్పితే నేను మల్ల ఎవ్వని ముంగట తలవంచుకోని కూసోను, చెప్తున్న" అని నా దగ్గర ఏడుపు ఒకటే తక్కువ.

తప్పే ప్రమాదం పటేల్ వల్లనే ఉంది. పెద్దకొడుకు పెళ్లప్పుడు అవతలివాళ్లు ఆయన్ను తీసుకెళ్లి, నిండుగా నీళ్లున్న బావి చూపించి తమదేనన్నారట. లగ్గం అయ్యాక తెలిసింది, అది పక్కవాళ్ల బావి. ఆ దెబ్బతో ఆయన మనుషుల మాట నమ్మడం మానేశాడు. మా ఊరొచ్చి బాపు పొలం గట్లమ్మట తిరిగాడు. బావిలోకి స్వయంగా దిగి దోసిలితో నీళ్లు తాగాడు. చుట్టుపక్కల పొలాలవాళ్లను పిలిచి బావి ఎవరిదని అడిగాడు. అంతా అయ్యాక మీసం తుడుచుకొని అన్నాడు.

"ఇల్లు చూసిన, భూమి చూసిన, బావి చూసిన. ఇగ మనిషొక్కడే మిగిలిండు. ఊరు ఊరంత నిన్ను పట్నపాయన అంటున్నరు. నేనింకా పట్నం చూడలే, మా ఆమె సుత చూడలే. నువ్వు చూపియ్యి. చూసొచ్చినంక ఖాయం చేసుకుందం. అబద్ధమాడేటోనితోని మాత్రం నేను వియ్యం అందను, ముందే చెప్తున్న."

బాపు నవ్వబోయాడు, పెదాలు కదిలాయి గానీ నవ్వు రాలేదు. "దానిదేముంది పటేలా, పోదాం" అన్నాడు.

మర్నాడు బాపు భార్య, మేమంతా అవ్వ అనే ఆవిడ, ప్రయాణానికి సర్వపిండి చేస్తూ నన్ను వంటింట్లోకి పిలిచింది. తలుపు దగ్గరికేసి చెప్పింది.

"టీచరమ్మా, నువ్వు గూడ మాతోని రా. ఆయనకు పట్నం ఎరుక లేదు."

"అదేందవ్వా!"

"ఏందంటే ఏం చెప్పాలె? అప్పుడు రైలు దిగంగనే వ్యానెక్కిచ్చిండ్రు, వ్యాను దిగంగనే జైలు. ఇడిసిననాడు కర్ఫ్యూ. మల్ల వ్యానుల వేసుకొచ్చి రైల్ల కూసోవెట్టిండ్రు. మూసీ గూడ చూడలే."

"నీకు ఆయనే చెప్పిండా?"

"వ్యాను ముచ్చటొక్కటే చెప్పిండు. ఎరుక లేదని ఎందుకు చెప్తడు? నాకెరుకే. గిన్నేండ్ల నుంచి ఆయన పట్నం ముచ్చట వింటున్న. కండ్ల చూసినోడెవడన్న గంత మంచిగ చెప్తడా?" అని సర్వపిండి గిన్నెలో అద్దుతూ వేళ్లతో చిల్లులు పొడిచింది. "నా బిడ్డ లగ్గం, టీచరమ్మా. నువ్వు పక్కపొంటి ఉండి జర సంభాళించు."

నేను సంభాళించడమేమిటి, నా మొహం! నా ట్రైనింగు హనుమకొండలో అయింది. పట్నం నాకూ క్యాలెండరు బొమ్మే. అయినా బయల్దేరాను. బాపు, అవ్వ, పటేల్, పటేల్ భార్య, నేను. సువర్ణ గుమ్మంలో నిలబడి వాళ్ల బాపు మొహం చూసింది, నా మొహం చూసింది, లోపలికి వెళ్లిపోయింది.

నాంపల్లిలో దిగాం. బాపు ప్లాట్‌ఫాం మీద మమ్మల్ని జోడీలుగా కూర్చోబెట్టబోయాడు. పటేల్ కూర్చోలేదు. "ఐదుగురమున్నం. గుడ్డోనికి గూడ ఎరుకైతది" అన్నాడు. బాపు నిలబడే లెక్కపెట్టుకున్నాడు.

బయటికొచ్చి కుడిచేతి వైపు తిరిగాడు. నా గుండె కుదుటపడింది, ఎందుకంటే సడక్ నిజంగానే ఎగువగా ఉంది. బాపు మొహం వెలిగిపోయింది, ఆ ఎగువ ఆయనే పోయించినట్టు. "చెప్పలే? ఎగువ ఉంటది!" అని మా అందరి వైపూ తిరిగి చూశాడు. అంతలో పటేల్ చెయ్యి చాపాడు.

"గా గుట్ట మీద తెల్లగ మెరుస్తున్నది ఏంది?"

పాలరాతి గుడి. ఉద్యమం అయిపోయిన చాన్నాళ్లకు కట్టింది. బాపు దాన్ని చూసి ఆగిపోయాడు. ఆయన పట్నంలో ఆ గుట్ట మీద ఏమీ లేదు.

"గది మొన్నమొన్న కట్టిండ్రు పటేలా. గదేం చూస్తం? టాంగ ఎక్కదు."

"టాంగెవడు ఎక్కుతుండు? కాళ్లు లేవా?"

ఎక్కాం. బాపు మాకంటే ముందు ఉరికి, బోర్డులన్నీ చదివి, మేం ఆయాసపడుతూ చేరేసరికి అన్నీ తనకు పుట్టుకతో తెలిసినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. అన్నీ చెప్పి చివర్న "చెప్పులు గిక్కడ ఇడువాలె" అన్నాడు. మేం అప్పటికే విడిచి పైకి వచ్చాం. చెప్పులు ఆయన కాళ్లకే ఉన్నాయి. గుడివాళ్లు నాలుగు చీవాట్లు పెట్టారు. పటేల్ మీసం ఒకవైపు దువ్వుకున్నాడు.

దిగాక డబుల్ డెక్కర్ బస్సు చూసి పటేల్ భార్య చిన్నపిల్ల అయిపోయింది. "పైన కూసుందమయ్యా!" అని మొగుడి చెయ్యి పట్టి లాగింది. పైన, ముందు అద్దం దగ్గరే కూర్చున్నాం. నాకైతే పట్నమంతా కాళ్ల కిందికి వచ్చినట్టనిపించింది. బాపుకు మాత్రం అక్కడే కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆయనకు తెలిసిన పట్నం టాంగా ఎత్తున ఉంది. గుర్రం చెవుల మధ్య నుంచి కనిపించేది ఎంతో అంతే. ఇంత పై నుంచి చూస్తే ఒక్క గల్లీ గుర్తుపట్టలేకపోయాడు. పటేల్ "ఇదేంది, అదేంది" అని అడుగుతుంటే "మార్కెట్టు" అనడం మొదలుపెట్టాడు. సినిమా హాలూ మార్కెట్టే, పోస్టాఫీసూ మార్కెట్టే. పటేల్ రెండోవైపు మీసం కూడా దువ్వాడు. అవ్వ నా చేతిని గట్టిగా పట్టుకుంది.

అఫ్జల్‌గంజ్‌లో దిగి వంతెన మీద నడిచాం. వంతెన దాటగానే బాపు ఠక్కున ఆగాడు.

"ఆగుండ్రి. గుర్రం నీళ్లు తాగాలె."

అక్కడ నీళ్లతొట్టి లేదు. ఐస్‌క్రీము దుకాణం ఉంది, రంగురంగుల లైట్లతో. బాపు దాన్ని ఎంతసేపు చూశాడో! కాలితో నేల తడిమాడు. తొట్టి దిమ్మె ముక్కలాంటి రాయేదో మట్టిలో తగిలింది. "గిక్కడనే" అన్నాడు నెమ్మదిగా, ఎవరికో హామీ ఇస్తున్నట్టు. పటేల్ భార్య ఆగాం కదా అని ఐస్‌క్రీము తినాలంది. ఐదుగురం ఐస్‌క్రీము తిన్నాం. పటేల్ మీసానికి అంటుకున్న ఐస్‌క్రీము తుడుచుకుంటూ "ఆగాల్సిన జాగనే" అన్నాడు. పొద్దుట నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మంచిమాట అది. అవ్వ దేవుడికి దండం పెట్టుకుంది.

తొందరపడి పెట్టుకుంది. పత్తర్‌గట్టి దాటి చార్మినార్ ముందుకు వచ్చాం. నేను తల ఎత్తి చూస్తుండగా పక్కన బాపు మాట ఆగిపోయింది. పొద్దుట నుంచి ఒక్క క్షణం నోరు మూయనివాడు, నోరు తెరిచి మాట లేకుండా నిలబడ్డాడు. పిడికిళ్లు దగ్గరగా వచ్చాయి, మళ్లీ విడిపోయాయి. రిక్షావాళ్లు తిడుతున్నారు, గాజులవాళ్లు పిలుస్తున్నారు, ఆయనకు ఏదీ వినబడటం లేదు. కండ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

పటేల్ చార్మినార్ చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చాడు. "నాలుగు మినార్లున్నయి. పైకెక్కే మెట్లు దేంట్ల ఉన్నయి?" అని అడిగాడు.

ఏ మినారైనా చెప్పొచ్చు. నాలుగింట ఒకటి తగలకపోదు. నేను బాపు చొక్కా లాగాను, ఏదో ఒకవైపు చూపించమని. ఆయన నా చేతిని విడిపించుకున్నాడు.

"నాకెరుక లేదు పటేలా."

"ఎరుక లేకపోవుడేంది?"

"నేను సుత ఇయ్యాల్నే చూస్తున్న."

పటేల్ మొహం నల్లబడింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకొని భార్యతో అన్నాడు. "నడువ్. మల్ల పక్కోని బావే."

అప్పటిదాకా గొంతెత్తి ఎరుగని అవ్వ ఆయన దారికి అడ్డంగా నిలబడింది. నడి చార్మినార్ బజారులో, కొంగు నడుముకు చెక్కి!

"ఏమంటివి అన్నా? అబద్ధమెన్నడు ఆడిండు? యాది చేసుకో. చార్మినార్ చూసిన్నని ఒక్కపారన్న నీతోని అన్నడా? నాతోనే అనలే గిన్నేండ్లల్ల! ఊరోళ్లు పట్నపాయన అన్నరు, నువ్వు విన్నవ్. బావి చూపెట్టి మాదన్నమా? మెట్లు గిట్లున్నయని ఉత్తగనన్న చెప్పొచ్చు గద, చెప్పిండా?"

పటేల్ న్యాయమైన మనిషి. నిలబడ్డచోటే కనుబొమలు ముడిచి గుర్తుచేసుకున్నాడు. గుర్తుకు వచ్చిందంతా అవ్వ వైపే ఉన్నట్టుంది. గాజుల దుకాణం అరుగు మీద కూర్చొని బాపును పక్కన కూర్చోమన్నాడు.

"మరి ఎగువ, దిగువ, గుర్రం నీళ్లు, గిదంత ఎట్లెరుక?"

బాపు తల దించుకొని చెప్పాడు. జైలు కిక్కిరిసిపోయి, పోరగాళ్లనూ దొంగలనూ తాగుబోతులనూ ఒక్కచోటే కుక్కారట. అందులో ఒక టాంగా సాయిబు, ఏదో కొట్లాటలో పట్టుబడ్డవాడు. చదువుకునే పిల్లలు ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటే ఆ సాయిబు గోడకు ఆనుకొని కూర్చొని, రెండు పిడికిళ్లూ ముందుకు పెట్టి, నాలుకతో టక్ టక్ మనిపించి "ఎక్కుండ్రి బిడ్డలూ, సవారీ!" అనేవాడట. రోజుకో తిరుగుడు. ఒకనాడు చార్మినార్, ఒకనాడు గోలకొండ. మధ్యలో ఎవరైనా దిగుతానన్నా ఊరుకునేవాడు కాదట, గుర్రం నీళ్లు తాగేదాకా.

"గా సవారీ లేకపోతే నేను పిచ్చోన్నయ్యేటోన్ని పటేలా."

"జనగామల రైలెక్కితే పట్నమే గద. గిన్నేండ్లు ఎందుకు రాలే?"

"భయమైంది. వచ్చి చూస్తే ఆయన చెప్పినట్టు లేకపోతే?"

"ఇప్పుడు చూస్తివి గద. ఎట్లున్నది?"

బాపు తల ఎత్తి చార్మినార్ను మళ్లీ చూశాడు. "తక్కువ చెప్పిండు" అన్నాడు.

పటేల్ లేచాడు. మెట్ల సంగతి మళ్లీ ఎత్తలేదు. "నాకు విన్నది వద్దు. పట్నంల నువ్వు కండ్లార చూసిందేంది?"

"జైలొక్కటే."

"నడు. గది చూపియ్యి."

చార్మినార్ ఎక్కకుండా, మ్యూజియం చూడకుండా, రెండు రిక్షాల్లో జైలు చూడ్డానికి పోయిన జట్టు భూమ్మీద మాదొక్కటే అయ్యుంటుంది. రిక్షావాళ్లు కూడా మమ్మల్ని అదోలా చూశారు. గేటుకు ఎదురుగా చెట్టు నీడ ఉంది. అవ్వ దుప్పటి పరిచి సర్వపిండి, పెరుగన్నం తీసింది. బాపు నిలబడి పొడుగాటి గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"గిదేనా?" అన్నాడు పటేల్.

"గిదే గావచ్చు. లోపల్నుంచి చూసిన. బయట్నుంచి గిట్లుంటదని నాకు సుత ఇయ్యాల్నే ఎరుకైంది."

పటేల్ పొట్ట పట్టుకొని నవ్వాడు. అంత పెద్దమనిషి దుప్పటి మీద పడి నవ్వాడు. ఆయన భార్యకు నవ్వు అంటుకుంది, నాకు అంటుకుంది. బాపు మాత్రం గోడ అవతల ఏది ఎక్కడుందో చెప్పుకుంటూ పోయాడు. ఎక్కడ బువ్వ పెట్టేవాళ్లు, పొద్దూకితే గిన్తీ కోసం ఎక్కడ జోడీలుగా కూర్చోబెట్టేవాళ్లు, సాయిబు ఏ గోడకు ఆనుకునేవాడు. ఆ చెప్పినంతసేపూ పిడికిళ్లు పట్టలేదు, నాలుక టక్ మనలేదు. మొదటిసారి ఆయన నోట "నేను చూసిన" అన్న మాట విన్నాను. పటేల్ నవ్వు ఆపి విన్నాడు. తింటున్న చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి విన్నాడు.

గేటు దగ్గరి జవాను ఇటు వచ్చాడు. జైలు ముందు విస్తళ్లు పరుచుకొని కూర్చున్నవాళ్లను చూస్తే ఎవరికైనా అనుమానమే.

"ఎవరు మీరు? ములాఖత్‌కొచ్చిండ్రా?"

"ఔ" అన్నాడు పటేల్.

"ఎవరిని చూడాలె?"

పటేల్ ఎంగిలి చేత్తోనే మీసం సవరించుకున్నాడు. "మా వియ్యంకుని" అన్నాడు.

అవ్వ చేతిలోని గిన్నె దుప్పటి మీద పడింది. పటేల్ భార్య రొంటిన ఉన్న కుంకుమ భరిణె తీసి, లేచి వచ్చి, అవ్వ నుదుట బొట్టు పెట్టింది. బాపు రెండు చేతుల్లో మొహం దాచుకొని వెక్కి వెక్కి ఏడ్చాడు.

జవాను ఆ ఏడుపు చూసి కరిగిపోయాడు. వంగి బాపు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊకో పెద్దమనిషి, ఊకో. మీ వియ్యంకుడు ఎక్కడికి పోతడు? ఇడుస్తరు తియ్."